గోడ కుర్చీ

కొత్తపాయ,
18 జూన్ 2023

అక్కకి,

నువ్వు పటమట వెళ్లాక నేను రాసే మొదటి ఉత్తరం ఇది. జక్కయ్య వ్యాను రోజూ బెజవాడ చేపల మార్కెట్టుకి వెళ్తుంది కదా, అతని చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు. ఫోను చేయమని మీ అబ్బాయి మణికుమార్ చెప్పి పంపాడు. ఇన్నేళ్లు బోటు ఇంజను పక్కన కూర్చున్న చెవులు నావి. ఫోను ఆనించుకుంటే మనిషి మాట రాదు, మోత వస్తుంది. అందులో పంపే అక్షరాలు చీమల్లా ఉంటాయి. కాగితమైతే నిదానంగా చదువుకుంటాను.

వేట నిషేధం ఎత్తేశారు. బోట్లన్నీ వెళ్తున్నాయి. పామర్రు మార్కెట్టులో నీ చోట మా అమ్మాయి నాగలక్ష్మి కూర్చుంటోంది. కత్తిపీట బాగానే పడుతుంది గాని బేరం చేతకాదు. గట్టిగా అడిగితే ఇచ్చేస్తుంది. నీ పాత బేరగాళ్లు "మీ మేనత్త ఎప్పుడొస్తుంది" అని అడుగుతున్నారట.

ఇంకో సంగతి. అక్కడ పాత రేకులు పీకేసి కొత్త షెడ్డు కడుతున్నారు. దసరా వెళ్లాక చోట్లు పేర్ల మీద రాస్తారట. ఆ రోజు ఎవరు వచ్చి ఉంటే చోటు వాళ్లది. నువ్వు అప్పటికి కింద కూర్చుని లేవగలిగితే చాలు. లేకపోతే ఇన్నేళ్ల నీ చోటు పోతుంది. నీకు ఆ చోటు ఎంతో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మోకాళ్లకి సూది వేశారా? కోశారా? ఎన్నాళ్లు మంచం మీద ఉండమన్నారు? అన్నీ వివరంగా రాయి.

తమ్ముడు,
నాగులు


పటమట,
9 జూలై 2023

తమ్ముడు నాగులుకి అక్క సన్యాసమ్మ రాసేది.

కింద జక్కయ్య హారన్ కొడుతున్నాడు. గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

సూదీ లేదు, కొయ్యడమూ లేదు. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూపించింది. రెండు ఎముకల మధ్య గుజ్జు అరిగిందట. మన మణికి ఆటోనగర్ మెకానిక్కు బుద్ధి కదా. "అరిగిన బేరింగు మార్చాలి గాని గ్రీజు రాస్తే ఎన్నాళ్లు నడుస్తుందండీ, ఆపరేషన్ చేసెయ్యండి" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, కోడలు రుచితతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. కోడలు టీచరు కదా, అన్నిటికీ తల ఊపింది. బయటికొచ్చాక చెప్పింది, ఇప్పుడే ఆపరేషన్ వద్దన్నారట, ముందు మూడు నెలలు వ్యాయామం చేయాలట, ఒళ్లు కూడా కాస్త తగ్గాలట. మాత్రలేవమ్మా అంటే లేవంది. పూసుకునే మందు గొట్టం ఒకటి ఇచ్చారు. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించింది.

ఇక్కడ రోజు ఎలా గడుస్తుందంటే, పొద్దున్నే కోడలు గోడ కుర్చీ వేయిస్తుంది. ఫోనులో టైము పెట్టి ఎదురుగా నిలబడుతుంది. తను చాలు అనేదాకా లేవకూడదు. మొదట్లో తొడలు వణికి కళ్లనీళ్లొచ్చాయి. నిన్న వెయ్యనని మంచమెక్కాను. "వేస్తేనే టిఫిను అత్తయ్యగారూ" అంది. వేశాను. పెసరట్టు పెట్టింది.

ఇక్కడ చేపల్ని ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టి అమ్ముతున్నారు. మొప్ప ఎత్తి చూడనివ్వరు. చూడకుండా కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

మళ్లీ హారన్. ఉంటాను.

సన్యాసమ్మ


కొత్తపాయ,
23 జూలై 2023

అక్కకి,

నీ ఉత్తరం చదివాను. చదివింది నిజమా కాదా అని మళ్లీ చదివాను.

గోడ కుర్చీ అంటే నాకు తెలిసింది ఒక్కటే. మన బళ్లో అబ్రహాము మాస్టారు ఎక్కాలు రానివాళ్లని గోడకి వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు నిలబెట్టేవాడు. నేను చాలాసార్లు వేశాను. నీకు ఎక్కాలన్నీ వచ్చు కాబట్టి నువ్వు ఒక్కసారీ వేయలేదు. ఈ వయసులో వేయాల్సి వచ్చిందా అక్కా?

జక్కయ్యని అడిగాను. నువ్వు గబగబా రాశానన్న ఆ రోజు అతను సంచీ ఇవ్వడానికి పైకి వచ్చాడట. తలుపు తీసే ఉందట. "పెద్దమ్మ గోడకి ఆనుకుని వణుకుతుంది మావా. ఆ టీచరమ్మ ఫోను పట్టుకుని ఇంకొంచెం, ఇంకొంచెం అంటుంది. నాకు చూడబుద్ధి కాక సంచీ గుమ్మంలో పెట్టి కిందికొచ్చేశా" అన్నాడు. నాకు వినపడాలని గట్టిగా చెప్పాడు. రేవులో ఉన్నవాళ్లంతా విన్నారు.

నువ్వేం తప్పు చేశావు? చేపలు కడిగి సింకు వాసన చేశావా? ఎదురు మాట్లాడావా? బళ్లో పిల్లల్ని దండించి దండించి టీచర్లకి అదే అలవాటవుతుంది. పెద్దదాన్ని, పైగా మోకాళ్లు అరిగినదాన్ని అలా నిలబెట్టి, వేస్తేనే తిండి అనడం నేనెక్కడా వినలేదు.

అరిగినదాన్ని ఇంకా వాడితే ఇంకా అరుగుతుంది. ఇది చదువుకోనివాడికి కూడా తెలుసు. నాకు కూడా ఎడమ మోకాలు పట్టేస్తోంది. నేను కాలు కదపకుండా మంచం మీద పెట్టుకుంటున్నాను. బోటు అల్లుడు తీసుకెళ్తున్నాడు. నువ్వు కూడా పడుకో. ఎవరేమన్నా లేవకు.

డబ్బాలో ఎండురొయ్యలు పంపుతున్నాను.

నాగులు

(కాగితం వెనక)

అక్కా, ఉత్తరాలు కోడలు కూడా చదువుతుందేమో. అందుకని వెనక రాస్తున్నాను. నువ్వు అక్కడ బాగానే ఉంటే రొయ్యల డబ్బా జక్కయ్యకి తిరిగి ఇచ్చెయ్యి. కష్టంలో ఉంటే ఇవ్వకు. డబ్బా రాకపోతే నేను చూసుకుంటాను.


పటమట,
6 ఆగస్టు 2023

నాగులూ,

రొయ్యలు అందాయి. ఇసుక లేకుండా బాగున్నాయి. డబ్బా మూత గట్టిదని కోడలు కడిగి, అందులో చల్ల మిరపకాయలు పోసుకుంది.

నేనేం తప్పు చేశానని అడిగావు. నాకు అర్థం కాలేదు. ఏం చేస్తాను, ఇన్నేళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగాను. ఆ చేసుకున్నదే ఇప్పుడు అనుభవిస్తున్నాను. దీనికి ఎవర్ని అని ఏం లాభం?

గోడ కుర్చీ ఇదివరకంత కష్టంగా లేదు. ఇప్పుడు గుంజీలు కూడా కలిశాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి, మళ్లీ మెల్లగా కూర్చోవాలి. ధబ్బున కూలబడితే లెక్కలోకి రాదంటుంది. చెవులు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. పడుకుని కాలు నిటారుగా ఎత్తి పట్టుకోవడం ఇంకొకటి. ఎదురు ఫ్లాటు సుధామణిగారు చూసి, "మీ కోడలు మిమ్మల్ని ఒలింపిక్స్‌కి పంపుతుందాండీ" అంది. నాకు నవ్వొచ్చింది గాని నవ్వితే కాలు కిందికొచ్చేస్తుంది.

నువ్వు అరిగినది వాడకూడదని రాశావు. నేనూ అదే అనుకున్నాను. సాయంత్రానికి మోకాళ్లు సలుపుతాయి. కోడల్ని అడిగితే, "కొంచెం నొప్పి ఉంటుందన్నారు అత్తయ్యగారూ, తెల్లారేసరికి సర్దుకుంటే భయం లేదన్నారు" అంటుంది. సర్దుకుంటోంది. కానీ డాక్టరమ్మ నిజంగా ఇదే చెప్పిందో, కోడలు తనకి తోచింది చేయిస్తోందో నాకెలా తెలుస్తుంది? వాళ్లు మాట్లాడుకున్నది ఇంగ్లీషు. నాకు ఈమె మాటే డాక్టరు మాట. నువ్వు రాసిన దగ్గర్నుంచి ఈ అనుమానం ఒకటి పట్టుకుంది.

మెట్లు దిగి రైతుబజారు దాకా వెళ్లొస్తున్నాను. తగ్గిందో, నొప్పికే అలవాటుపడ్డానో తెలియడం లేదు.

నాగలక్ష్మిని బేరం దగ్గర మెత్తబడొద్దని చెప్పు. దసరాకి వచ్చేస్తాను.

మీ అక్క,
సన్యాసమ్మ


కొత్తపాయ,
27 ఆగస్టు 2023

అక్కకి,

డబ్బా రాలేదు. చివరికి అది కూడా నీ చేతిలో లేకుండా కోడలు తీసుకుందని నువ్వే రాశావు. నాకు అర్థమైంది. చేసుకున్నది అనుభవిస్తున్నానని, ఎవర్ని అని ఏం లాభమని రాశావు. అదీ అర్థమైంది. గుంజీలు కూడా తీయిస్తోందని, పక్కింటావిడ చూసి ఎగతాళి చేస్తోందని చదివాక నాకు అన్నం సహించలేదు.

నేను పెద్దల్లో పెట్టాను. ఊరి పెద్ద కదా, ఏడుకొండలు మావ మొదట నమ్మలేదు. జక్కయ్యని పిలిపించి అడిగాడు. జక్కయ్య చూసింది చూసినట్టు చెప్పాడు. నీ ఉత్తరం కూడా ఇచ్చాను. "సన్యాసమ్మ ఊరికే రాసే మనిషి కాదు" అన్నాడు మావ. మణికుమార్ పెరిగింది ఈ ఊళ్లో, పెళ్లి భోజనాలు పెట్టింది ఈ ఊళ్లో. కాబట్టి వాడు జవాబు చెప్పాలి. సెప్టెంబరు పదో తారీకు ఆదివారం, తుఫాను షెల్టరు దగ్గర. భార్యని తీసుకుని రమ్మని కబురు పంపారు. నువ్వు కూడా రా. సామాను తెచ్చేసుకో.

ఇన్నాళ్లు ఒక్కదానివే ఎందుకు ఓర్చుకున్నావో తెలియదు.

నాగులు


పటమట,
3 సెప్టెంబరు 2023

ఒరేయ్ నాగులూ,

నీకు బుద్ధి ఎప్పుడొస్తుందిరా?

కబురు వచ్చాక నీ పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను. అప్పుడు కాగితం తిప్పితే వెనక డబ్బా సంగతి కనపడింది. ఉత్తరం చివర పేరు రాశాక ఇంకేం ఉంటుందని తిప్పుతాను? నీ పేరు కింద అయిపోయిందనుకున్నాను.

అది శిక్ష కాదు. వ్యాయామం. ఆసుపత్రిలో ఎక్సర్‌సైజులు నేర్పే అమ్మాయి దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పింది. నాకు తెలియలేదని కోడలే, "అదే అత్తయ్యగారూ, గోడ కుర్చీ" అంది. తొడ కండ బలపడితే బరువు అది మోస్తుందట, మోకాలి మీద అంత పడదట. ఇది నేను ముందే రాయాల్సింది. వ్యాయామం అని ఒకసారి రాశాను, గోడ కుర్చీ అని ఒకసారి రాశాను. రెండూ ఒకటేనని నీకు తెలుస్తుందనుకున్నాను.

కబురు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడే చెప్పాడు. మణి ముఖం నల్లబడిపోయింది. "మావయ్య ఇలా ఎందుకు చేశాడమ్మా, నువ్వేం రాశావు?" అన్నాడు. ఏం రాశానో నాకే గుర్తు రాలేదు.  కోడలు ఫోను టేబుల్ మీద పెట్టి, "రేపట్నించి మీకు నచ్చినట్టు చూసుకోండి అత్తయ్యగారూ" అని లోపలికెళ్లింది.

ఆ రోజు నుంచి నేను ఏమీ చేయలేదు. ఆమె ముందు గోడకి ఆనుకోవాలంటే మొహం చెల్లడం లేదు. నిన్నట్నించి పొద్దున మంచం దిగితే మోకాలు మళ్లీ కొయ్యలా ఉంటోంది.

ఏడుకొండలు మావకి చెప్పి పదో తారీకు మాన్పించు. మాన్పించలేకపోతే నువ్వు నోరు తెరవకు.

సన్యాసమ్మ


కొత్తపాయ,
17 సెప్టెంబరు 2023

అక్కకి,

మావతో చెప్పాను. పెద్దలు పిలిచాక మాన్చడం కుదరదన్నాడు.

ఆ రోజు నువ్వు చెప్పినట్టే నేను నోరు తెరవలేదు. కాని నాకు ఒక్క ముక్క వినపడలేదు. షెల్టరు కింద గాలి ఒకటి, అందరూ ఒకేసారి మాట్లాడడం ఒకటి. నాకు కనపడింది మాత్రం రాస్తున్నాను, మిగతాది నువ్వు రాయి.

కోడలు నిలబడింది. మావ అడిగాడు, ఆమె చెప్పింది. ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పింది. నువ్వు లేచి వెళ్లి స్తంభానికి వీపు ఆనించి గోడ కుర్చీ వేశావు. ఎవరూ వేయమనలేదు కదా? అప్పుడు అందరూ నవ్వారు. మావ నా వైపు చూసి నవ్వాడు. తర్వాత నువ్వు కింద కూర్చున్నావు. లేవలేకపోయావు. నాగలక్ష్మీ ఇంకొకామె వచ్చి చంకల కింద పట్టుకుని లేపారు. మావ నాగలక్ష్మి వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. నువ్వు తల వంచుకున్నావు. బస్సు టైమైందని వెళ్లిపోయారు. మణి నాతో మాట్లాడలేదు. కోడలు దణ్ణం పెట్టింది.

జక్కయ్యని అడిగితే నా చెవి దగ్గర అరిచాడు. నాకు వినపడింది "తప్పు లేదు" అని, "చోటు లేదు" అని. ఎవరిది తప్పు లేదు? ఏ చోటు లేదు?

సామాను ఎందుకు తెచ్చుకోలేదు?

నాగులు


పటమట,
1 అక్టోబరు 2023

నాగులూ,

నువ్వు పెట్టించిన పంచాయితీలో ఏం జరిగిందో నీకే నేను రాయాల్సి వచ్చింది. సరే, విను.

"అమ్మా, అత్తగారి చేత గోడ కుర్చీ వేయించావా?" అని మావ అడిగాడు.

"వేయించానండీ" అంది.

"రోజూనా?"

"ఆదివారాలు కూడానండీ."

"తిండి పెట్టకుండానా?"

"వేశాక పెట్టానండీ."

నువ్వు చూసింది అప్పుడే, ఆడవాళ్లు నోటికి చెయ్యి పెట్టుకోవడం. అడిగినదానికి అడిగినంతే చెప్పింది. అబద్ధం ఒక్కటీ లేదు. వింటుంటే నాకే భయమేసింది. మణి "మోకాళ్ల కోసమండీ" అని రెండు మూడుసార్లు అన్నాడు గాని ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. చివరికి మావ, "ఎందుకు వేయించావమ్మా?" అంటే, "అత్తయ్యగారి మోకాళ్లకండీ" అంది. "మోకాళ్లు నొప్పి పుడితే మోకాళ్లకే శిక్షా?" అన్నాడు. ఇక కూర్చోలేక నేనే లేచి చూపించాను. శిక్ష కాదు మావా, మందు ఇదే అన్నాను. అందుకు నవ్వారు. "నాగులుగాడు చెవిటివాడే అనుకున్నా, చదువు కూడా అంతేనా" అన్నాడు మావ. కోడలి మీద తప్పు లేదని అక్కడే చెప్పేశాడు.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. "అంత మంచి మందయితే కింద కూర్చుని లే చూద్దాం" అన్నాడు మావ. వేళాకోళానికే అన్నాడు. నాకు పౌరుషం వచ్చి కూర్చున్నాను. కబురు వచ్చిన దగ్గర్నుంచి ఏమీ చేయని మోకాళ్లు. లేవలేదు. మిగతాది నువ్వు చూశావు. "వద్దు సన్యాసమ్మా, చేసినకాడికి చాలు. ఇక మార్కెట్టు చోటు నాగలక్ష్మికి వదిలెయ్యి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్నాడు కాబట్టే ఎదురు చెప్పలేకపోయాను.

బస్సులో కోడలి పక్కన కూర్చున్నాను.  పామర్రు దాటాక కిటికీ వైపు చూస్తూ, "మా స్కూల్లో గోడ కుర్చీ వేయించరండీ. నేను ఏ పిల్లల చేతా ఎప్పుడూ వేయించలేదు. మీ చేతే మొదటిసారి" అంది.  కంకిపాడులో జామకాయలు కొన్నాను. తీసుకుంది గాని తినలేదు.

ఇంటికొచ్చాక వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కదాన్నే మొదలుపెట్టాను. పోయిన రోజులన్నీ కలిసి రావాలని ఇంకా కిందికి, ఇంకా కిందికి కూర్చున్నాను. మర్నాటికి కుడి మోకాలు వాచింది. తగ్గాక మళ్లీ అలాగే చేశాను, మళ్లీ వాచింది. ఇదంతా ఉత్తదే, నాగులు చెప్పిందే నిజం, మణి చెప్పినట్టు మార్పించుకుంటే పోతుంది అనుకున్నాను. నువ్వు, మణి, కోడలు, మీ ముగ్గురి మాటల్లో ఏది పట్టుకోవాలో తెలియక ఒక పూటంతా మంచం మీదే ఉన్నాను.

మొన్న సాయంత్రం మళ్లీ వంటింట్లో గోడకి ఆనుకుంటే, కోడలు నీళ్ల కోసం తలుపు తోసింది. నేను లేవబోయాను. గ్లాసు నింపుకుని, వెళ్తూ వెళ్తూ, "అంత కిందికి వద్దండీ" అంది. అంతే. నేను కాస్త పైకి జరిగాను. "ఇంకొంచెం పైకి" అంది. జరిగాను. గ్లాసు పక్కన పెట్టి అక్కడే నిలబడింది.

నిన్న మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసారి డాక్టరమ్మని తెలుగులో చెప్పమని నేనే అడిగాను. ఆమె తెలుగులోనే చెప్పింది. కోడలు చెప్పిందే చెప్పింది. వాపు వస్తే తగ్గించి చేయాలట, పూర్తిగా మానకూడదట. గుజ్జు మళ్లీ పెరుగుతుందా అంటే పెరగదంది. మరి దేనికండీ ఇదంతా అంటే, "నొప్పి తగ్గుతుంది, మీ పని మీరు చేసుకోగలుగుతారు" అంది. పెరగకుండా ఎలా తగ్గుతుందో నాకు బుర్రకెక్కలేదు. సరేనని వచ్చాను.

చోటు సంగతి నాగలక్ష్మి ఏమంటోంది?

సన్యాసమ్మ


కొత్తపాయ,
22 అక్టోబరు 2023

అక్కకి,

ఉత్తరం అందింది. ఈసారి నేను కూడా తిప్పి చూశాను, వెనక ఏమీ లేదు.

నాగలక్ష్మి చోటు తనకొద్దంటోంది. నీ బేరగాళ్ల ముందు కూర్చోవడం దానికి కష్టంగా ఉందట. కాని మావ అన్న మాట తీసెయ్యలేక వెళ్తోంది. నవంబరు ఐదో తారీకు పేర్లు రాస్తారు. ఆ రోజు నువ్వు వస్తే చోటు నీది, రాకపోతే నాగలక్ష్మిది. మావ అన్నాడు కాబట్టి నువ్వు రాకపోయినా నిన్నెవరూ ఏమీ అనరు. వచ్చి లేవలేకపోతే మాత్రం నలుగురిలో మళ్లీ అదే అవుతుంది. ఆలోచించుకో. రమ్మని నేను చెప్పను, వద్దనీ చెప్పను. ఇన్నిసార్లు చెప్పి చూశాను కదా.

మణికి ఒక ఉత్తరం విడిగా రాసి జక్కయ్యకిచ్చాను. తీసుకున్నాడట. ఏమన్నాడో జక్కయ్య చెప్పలేదు. కోడలికి ఏం రాయాలో తెలియలేదు. పీతలు పంపుతున్నాను. డబ్బా తిరిగి రాకపోయినా పర్వాలేదు.

నా కాలు మంచం మీద పెట్టుకుని పెట్టుకుని ఎడమ తొడ కుడి తొడ కంటే సన్నబడింది. నాగలక్ష్మి చూసి చెప్పింది. మోకాలు మాత్రం తగ్గలేదు. కదిపితే అరుగుతుందన్నాను, కదపకపోతే ఇలా అయింది. ఇందులో ఏది నిజమో నాకు తెలియదు. నువ్వు చేసేవాటిలో నాకు పనికొచ్చేది ఏదైనా ఉంటే రాయి. గోడ కుర్చీ మాత్రం వద్దు. అది నేను బళ్లో చాలా వేశాను.

నాగులు


పటమట,
12 నవంబరు 2023

నాగులూ,

నీ మోకాలు ముందు డాక్టరుకి చూపించు. నాది నీకు చెప్పి ఇంకో పంచాయితీ తెచ్చుకోలేను. అవనిగడ్డలో చూపించుకో, లేదా ఇక్కడికి రా. కోడలు తీసుకెళ్తానంది. ఆమే అంది, నేను అడగలేదు. పీతలు తిని, చెయ్యి కడుక్కుంటూ అంది.

ఐదో తారీకు పొద్దున నువ్వు ఊళ్లోనే ఉండిపోయావు కాబట్టి రాస్తున్నాను. నాగలక్ష్మి ఎంత చెప్పిందో నాకు తెలియదు.

కోడలు ఆ రోజు నా కూడా వచ్చింది. రాత్రంతా నాకున్న భయం ఒక్కటే. కింద కూర్చోవడం వరకు వస్తోంది, లేవడానికి మాత్రం ఇంకా గోడ కావాలి. మోకాలు మునుపటిలా పూర్తిగా మడత పడదు, ఇక పడకపోవచ్చని డాక్టరమ్మ చెప్పేసింది కూడా. షెడ్డు మధ్యలో గోడ ఎక్కడిది? కత్తిపీట ముందు కూర్చుని ఉండిపోతే నన్ను మళ్లీ ఇద్దరు పట్టుకుని లేపాలి. బస్సు దిగేటప్పుడు కూడా వెనక్కి వెళ్లిపోదామా అనుకున్నాను. పైకి అనలేదు.

వెళ్లి చూస్తే కొత్త షెడ్డులో అరుగులు నడుం ఎత్తున కట్టారు. నేల మీద కూర్చునే చోటే లేదు. మన ఆడవాళ్లంతా పీటలు, ప్లాస్టిక్ స్టూళ్లు తెచ్చుకుని, ఒకళ్లనొకళ్లు పట్టుకుని అరుగు మీదికి ఎక్కుతున్నారు. ఎక్కి, పైన కత్తిపీట వేసుకుని, ఎప్పటిలాగే కూర్చుంటున్నారు. తలలు పైరేకుల దగ్గరికి వచ్చాయి. కొనేవాళ్లు తల ఎత్తి బేరమాడుతున్నారు. నేను ఎక్కలేను. అది చూడగానే తెలిసిపోయింది.

నా చోటు దగ్గరికి వెళ్లి అరుగు ఇవతల నిలబడ్డాను. అరుగు నా చేతికి సరిగ్గా అందింది. చెక్క ఒకటి అడిగి తీసుకున్నాను, కత్తి నాగలక్ష్మి ఇచ్చింది. ఒక బొంత చేపని తీసుకుని నిలబడే పొలుసు తీశాను. తేడాగా ఉంది గాని వచ్చింది. ఇంకొకటి తీశాను. పక్క అరుగు మీదనుంచి కనకలక్ష్మి, "ఏంటి సన్యాసమ్మా, హోటలువాళ్లలాగా నిలబడి కోస్తున్నావు?" అంది. "నువ్వు దిగేటప్పుడు పిలువు, వచ్చి పట్టుకుంటా" అన్నాను. ఆ వరసంతా నవ్వారు. ఏడుకొండలు మావ కూడా అక్కడే ఉన్నాడు. నవ్వలేదు. నా కాళ్ల వంకే చూస్తూ నిలబడ్డాడు.

పేర్లు రాసే కుర్రాడు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. అప్పటిదాకా నేను ఆనుకోలేదు, కూలబడలేదు. మోకాళ్లు సలిపాయి. నిలబడ్డాను.

"పేరు?" అన్నాడు.

"సన్యాసమ్మ."

"ఇక్కడ కూర్చునేది నువ్వేనా, ఇంకెవరన్నా కూర్చుంటారా?"

"ఎవరూ కూర్చోరు బాబూ."

"ఎవరూ కూర్చోకపోతే చోటెందుకమ్మా?"

"నిలబడడానికి."

వాడు కాగితం చూశాడు, నన్ను చూశాడు, నాగలక్ష్మిని చూశాడు. "కూర్చునేవాళ్ల పేరే రాయమన్నారండీ" అని మావని అడిగాడు. మావ ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే కాదన్నట్టా, అవునన్నట్టా?  అప్పుడు కోడలు, "మనిషి ఎదురుగా ఉంది కదండీ, రాసుకోండి" అంది. అదే గొంతు, ఇంకొంచెం, ఇంకొంచెం అనే గొంతు. వాడు రాసుకున్నాడు.

కూర్చుంటుందని రాశాడో, నిలబడుతుందని రాశాడో నాకు తెలియదు. పేరు మాత్రం నాదే. నాగలక్ష్మి కాగితం మీద చూసి వచ్చి చెప్పింది.

వచ్చే సోమవారం నుంచి నేనే ఉంటాను. ముందురోజే సామాను తెచ్చుకుంటాను. సరుకు పెందలాడే పంపు. పండుగప్ప దొరికితే చెప్పు, అది నా బేరగాళ్లకి ఉంచుతానని మాటిచ్చాను.

మీ అక్క,
సన్యాసమ్మ